పాత ఫోన్‌కి వైఫై సరిగా అందడం లేదా? రూటర్ మీద విసుక్కునే ముందు ఇవి చూడండి

కాకినాడలో మా ఇంట్లో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి డల్లాస్ నుంచి తమ్ముడి వీడియో కాల్ వస్తుంది. వాడికక్కడ శనివారం రాత్రి. అమ్మ ఫోన్‌ని వంటింటి గట్టు మీద పప్పుల డబ్బాకి ఆనించి, ఉల్లిపాయలు తరుగుతూనే మాట్లాడుతుంది. కిందటి వేసవి నుంచి ఆ గట్టు దగ్గర వాడి మొహం ఫొటోలా బిగుసుకుపోవడం మొదలైంది. "వీడేంట్రా కదలడు" అని అమ్మ, "అమ్మా, వినపడుతోందా" అని వాడు.

నేనూ అందరూ చేసేదే చేశాను. రూటర్ ఆపి మళ్లీ వేశాను. పాస్‌వర్డ్ మార్చాను. నెట్ ఆఫీసుకి ఫోన్ చేసి రెండుసార్లు మనిషిని రప్పించాను. ఆ కుర్రాడు హాల్లో నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ చూపించి, "బానే వస్తోంది కదండీ" అని వెళ్లిపోయాడు. అతను చెప్పింది నిజమే. తప్పు ఎక్కడుందో చూడకుండానే నేను రిపేరు మొదలుపెట్టాను, అదీ అసలు సంగతి. కొత్త రూటర్ కొనడానికి కూడా సిద్ధపడ్డాను. కొనుంటే డబ్బులు దండగయ్యేవి, ఎందుకంటే లోపం అమ్మ ఫోన్ లోపల ఆవగింజంత రేకులో ఉంది.

అందుకని ఈ వ్యాసంలో సెట్టింగ్స్ కంటే ముందు కొలత గురించి చెబుతాను. పది నిమిషాల పని.

ఫోనా, ఇల్లా, రూటరా: ముందిది తేల్చండి

ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకోండి, కాస్త కొత్తదైతే మంచిది. రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి మూడు చోట్ల సిగ్నల్ చూడాలి: రూటర్‌కి రెండు మీటర్ల దూరంలో, ఇబ్బంది వచ్చే చోట, ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట.

పైన కనిపించే గీతల్ని మాత్రం నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఒక ఫోన్‌లో మూడు గీతలంటే ఇంకో ఫోన్‌లో రెండే కావచ్చు. మనకు కావలసింది సిగ్నల్ బలం చెప్పే అంకె. దాన్ని డీబీఎం అనే కొలమానంలో చెబుతారు, ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది.

ఆండ్రాయిడ్‌లో దీనికి యాప్ కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" తెరిచి "బిల్డ్ నంబర్" మీద వరసగా ఏడుసార్లు నొక్కండి. కొన్ని ఫోన్లలో కంపెనీ వెర్షన్ నంబర్ మీద నొక్కాలి. "మీరిప్పుడు డెవలపర్" అని కింద చిన్న మెసేజ్ వస్తుంది, కంగారు పడకండి, ఏమీ కాదు. ఆ తర్వాత డెవలపర్ ఆప్షన్స్‌లో "వైఫై వెర్బోస్ లాగింగ్" అనేది ఆన్ చేసి వైఫై లిస్టు తెరిస్తే, మీ నెట్‌వర్క్ పేరు కింద సన్నటి అక్షరాల్లో ఏవేవో అంకెలు వస్తాయి. అందులో మైనస్ గుర్తుతో ఉన్నదే మన అంకె. పని అయ్యాక ఆఫ్ చేసేయండి. మీ ఫోన్‌లో అది దొరక్కపోతే ప్లే స్టోర్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌లు చాలానే ఉన్నాయి. యాప్‌తో చూసేటప్పుడు ఒక చిన్న కిటుకు: ఆండ్రాయిడ్ 9 నుంచి ఏ యాప్ అయినా రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి స్కాన్ చేయలేదు. నడుస్తూ చూస్తే పాత గదిలోని అంకే కొత్త గదిలోనూ కనపడుతుంది. ఒక్కో చోట అరనిమిషం పైనే ఆగి చూడండి.

ఐఫోన్ అయితే ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద "వైఫై స్కానర్" ఆన్ చేయాలి.

అంకెలు ఎలా చదవాలంటే, సున్నాకి దగ్గరగా ఉంటే బలం ఎక్కువ. రూటర్‌ని ఆనుకుని ఉంటే మైనస్ 30 దరిదాపుల్లో ఉంటుంది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిశ్చింతగా నడుస్తుంది. మైనస్ 75 దగ్గర వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి కానీ వీడియో తడబడుతుంది. మైనస్ 80 దాటితే కనెక్ట్ అయినట్టు చూపిస్తుందే తప్ప పని జరగదు. ఇది మామూలు స్కేలు కాదని కూడా గుర్తుంచుకోవాలి. మూడు తగ్గితే బలం సగమైనట్టు, పది తగ్గితే పదో వంతు అయినట్టు.

ఒక జాగ్రత్త. రెండు ఫోన్లూ ఒకే బ్యాండ్‌లో, అంటే వైఫై నడిచే ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నప్పుడే పోల్చాలి. కొత్త ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో, పాతది 2.4లో ఉంటే ఆ పోలికకి అర్థం లేదు. వైఫై వివరాల్లో ఫ్రీక్వెన్సీ రాసి ఉంటుంది, చూసి రెండింటినీ 2.4లోకి తెచ్చుకోండి (ఎలాగో కింద రూటర్ భాగంలో ఉంది). ఇంకో మాట, ఏ రెండు ఫోన్లూ ఒకే అంకె చూపించవు. ఐదారు తేడా ఉంటే పట్టించుకోకండి.

మా ఇంట్లో వచ్చిన లెక్క ఇది. హాల్లో రూటర్ దగ్గర నా ఫోన్‌లో మైనస్ 41, అమ్మ ఫోన్‌లో మైనస్ 64. వంటింట్లో నాది మైనస్ 58, అమ్మది మైనస్ 81. రెండు చోట్లా తేడా సరిగ్గా 23. అంటే నా ఫోన్‌కి అందే బలంలో దాదాపు రెండు వందల వంతు మాత్రమే అమ్మ ఫోన్‌కి అందుతోంది. గోడలు ఇద్దరికీ ఒకటే, రూటర్ ఒకటే. ఇక పంచాయితీ ఏముంది, దోషి ఫోనే.

మీకు వచ్చే అంకెలు మూడు రకాల్లో ఏదో ఒకటిగా ఉంటాయి. పాత ఫోన్ అన్ని చోట్లా ఒకేలా వెనకబడితే లోపం ఫోన్ ఒంట్లో ఉంది. రూటర్ దగ్గర రెండూ బాగుండి, దూరం వెళ్లగానే రెండూ పడిపోతే సమస్య ఇంటిది, రూటర్ పెట్టిన చోటుది. రెండింటికీ సిగ్నల్ బానే ఉండి పాతదే నత్తనడక నడిస్తే అది సిగ్నల్ సమస్యే కాదు. తేలికైనది కాబట్టి ఈ చివరి దానితోనే మొదలుపెడదాం.

సిగ్నల్ ఉంది, నెట్ లేదు

ముందు ఫోన్‌లో తేదీ, టైమ్ చూడండి. నవ్వుకోకండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పక్కన పడి ఉన్న ఫోన్లు పాత తేదీతో లేస్తాయి. తేదీ తప్పయితే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు (సైట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రాలు) చెల్లవని ఫోన్ అనుకుంటుంది, ఏదీ తెరవదు. మనం వైఫైని తిట్టుకుంటాం.

ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్లకి ఇంకో తిప్పలుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లతో లెక్కలేనన్ని సైట్లు నడుస్తున్నాయి. వాటిని నమ్మడానికి ఆధారమైన ఆ సంస్థ కొత్త మూల సర్టిఫికెట్ ఈ పాత ఫోన్లలో లేదు. పాత ఏర్పాటుతో నెట్టుకొచ్చిన గడువు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. అందుకే కొన్ని సైట్లు బాగా తెరుచుకుని, కొన్ని మాత్రం "సురక్షితం కాదు" అని మొరాయిస్తాయి. అలాంటి ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ ఉంటే దాంతో ప్రయత్నించండి, అది తన సర్టిఫికెట్ల జాబితాని తనే మోసుకు తిరుగుతుంది.

ఇక వేగం సంగతి. వైఫై వివరాల్లో "లింక్ స్పీడ్" అని ఉంటుంది, ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య వేగం అది. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్న, ఒక్క యాంటెన్నా పాత ఫోన్లకి మామూలు 20 మెగాహెర్ట్జ్ చానల్‌లో (బ్యాండ్‌లో వైఫై వాడుకునే ఒక ముక్క) అది 72 ఎంబీపీఎస్‌కి మించదు. అందులో చేతికి దక్కేది సగం, కాస్త అటూ ఇటూ. కాబట్టి మీది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయినా ఆ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ 35, 40 చూపిస్తే అది జబ్బు కాదు, దాని ఓపిక అంతే. వైఫై 5 అనే తర్వాతి తరం వైఫై ఉన్న ఫోన్ అయితే 5 గిగాహెర్ట్జ్‌లో ఒక్క యాంటెన్నాతోనే 433 దాకా చూపిస్తుంది. పాత ఫోన్‌లో 100 రావాలని పట్టుబట్టి ప్లాన్ పెంచుకున్నవాళ్లని చూశాను. వీడియో కాల్‌కి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు.

స్టోరేజ్ నిండిపోయిన ఫోన్ కూడా నెట్ నెమ్మదిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కనీసం ఒకటి రెండు జీబీలు ఖాళీ చేయండి. ఆ వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలతోనే సగం పని అయిపోతుంది. బ్యాటరీ సేవర్ ఆఫ్ చేసి చూడండి. ఎప్పుడో వేసి మరచిపోయిన వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే సర్వర్ గుండా మళ్లించేది) ఉంటే తీసేయండి.

ఫోన్ విప్పకుండా చేయగలిగినవి

పౌచ్ తీసి మళ్లీ కొలవండి. మెత్తటి ప్లాస్టిక్ పౌచ్‌తో ఇబ్బంది ఉండదు. కానీ ఇనుప అంచులున్నవి, వెనక రింగు ఉన్నవి, కారులో అయస్కాంతం స్టాండ్ కోసం ఫోన్ వెనక అతికించే ఇనుప బిళ్లలు సిగ్నల్‌ని బాగానే మింగుతాయి. చేత్తో పట్టుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. 2010లో ఐఫోన్ 4ని ఎడమ అంచు దగ్గర పట్టుకుంటే మొబైల్ సిగ్నల్ పడిపోతోందని ప్రపంచమంతా గొడవైంది. వైఫైకీ ఆ సూత్రమే. ఫోన్‌ని బల్ల మీద పెట్టి ఒకసారి, చేత్తో పట్టుకుని ఒకసారి అంకె చూస్తే తెలిసిపోతుంది.

అంకె బాగుండి కనెక్షన్ మాత్రం తెగుతూ ఉంటే, వైఫై పేరు మీద నొక్కి "ఫర్గెట్" చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి. "ఐపీ అడ్రస్ పొందుతోంది" అని అక్కడే తిరుగుతూ ఉంటే, ఎవరో ఎప్పుడో ఐపీని (నెట్‌వర్క్‌లో ఫోన్ అడ్రస్) స్టాటిక్‌గా, అంటే మారకుండా పెట్టి ఉండొచ్చు, దాన్ని డీహెచ్‌సీపీకి, అంటే రూటరే అడ్రస్ ఇచ్చే పద్ధతికి మార్చండి. ఇది ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన పాత ఫోన్లలో తరచూ కనిపిస్తుంది.

వైఫై బలహీనమైతే దానంతటదే మొబైల్ డేటాకి మారిపోయే ఆప్షన్ ఒకటుంటుంది. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది. వైఫై అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వెతికి ఆపేసి చూడండి. అది ఆన్‌లో ఉంటే వైఫై ఉన్నట్టుండి పోయినట్టు అనిపిస్తుంది, నిజానికి ఫోనే వదిలేసి ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే నెట్‌వర్క్ రీసెట్. సెట్టింగ్స్, సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్‌లో వైఫై, మొబైల్, బ్లూటూత్ రీసెట్ అని ఉంటుంది. ఫొటోలూ నంబర్లూ పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లూ, బ్లూటూత్ జతలూ పోతాయి. పెద్దవాళ్ల ఫోన్ అయితే పాస్‌వర్డ్ ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే ఆ తర్వాత ఇల్లంతా వెతకాలి.

మొత్తం ఫోన్‌నే ఫ్యాక్టరీ రీసెట్ చేయమని చాలామంది సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. సిగ్నల్ అంకె తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాక్టరీ రీసెట్‌తో అది పెరగదు. మీ సాయంత్రం ఒకటి పోతుంది, అంతే.

ఫోన్ లోపలి సంగతి

అమ్మ ఫోన్‌కి ఆ వేసవి ముందే బ్యాటరీ మార్పించాం. ఆ ముక్క నాకు గుర్తు రావడానికి మూడు నెలలు పట్టింది. కాబట్టి మీ ఫోన్‌లో తేడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే మొదట వేసుకోవలసిన ప్రశ్న: దీన్ని ఎవరైనా విప్పారా? బ్యాటరీ, స్క్రీన్, వెనక అద్దం, ఏది మార్చినా సరే. కింద పడిందా, నీళ్లలో తడిసిందా అన్నవి తర్వాత.

వైఫై యాంటెన్నా అంటే పాత రేడియోలోలా పొడుగాటి కడ్డీ ఉండదు. ఫోన్ లోపలి ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద అచ్చు వేసిన పలచటి లోహపు చార అది. కొన్ని ఫోన్లలో లోహపు అంచే యాంటెన్నా. బోర్డు నుంచి దానికి టంకం ఉండదు. బోర్డు మీద బంగారు పూత ఉన్న బుల్లి స్ప్రింగ్ రేకు ఒకటి నిక్కి ఉంటుంది, మూత బిగించినప్పుడు అది ఆ చారకి నొక్కుకుంటుంది. సంబంధం అంతే. మూత తీసి పెట్టేటప్పుడు ఆ రేకు వంగినా, దాని మీద జిగురు అంటినా, చెమ్మకి పాచి పట్టినా ఫోన్ గొంతు మూసుకుపోతుంది. రూటర్ పక్కన పనిచేస్తుంది, గది దాటితే పనిచేయదు. మా కాకినాడలోలా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ రేకులు త్వరగా పాడవుతాయి.

షాపుకి వెళ్లే ముందు ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ ఒకచోట ఉంచి నడవండి. చాలా ఫోన్లలో బ్లూటూత్‌కీ 2.4 వైఫైకీ యాంటెన్నా ఒకటే. నాలుగడుగులు వేయగానే పాట తెగిపోతే అనుమానం బలపడ్డట్టే. రెండోది, అంకె చూస్తూ ఫోన్ వెనక పైభాగాన్ని అంచుల దగ్గర మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు మైనస్ 64 కాస్తా మైనస్ 50 అయి, వదలగానే మళ్లీ పడిపోతే రేకు సరిగా ఆనడం లేదన్నమాట. ఒకవేళ వెనక మూత ఉబ్బి లేచి ఉంటే మాత్రం నొక్కకండి. బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ పెట్టడం ఆపేసి నేరుగా షాపుకి తీసుకెళ్లండి. గుచ్చడం, వంచడం లాంటివి అసలు చేయొద్దు.

అమ్మ ఫోన్‌ని ఈసారి వేరే షాపులో విప్పించాను, నా ఎదురుగానే. కుర్రాడు వెనక మూత వేడి చేసి తీసి, లోపలి నల్ల ఫ్రేమ్ స్క్రూలు ఊడదీసి, దాన్ని లైటు కింద తిప్పి చూపించాడు. "చూడండి సార్, ఇక్కడ రెండు ఉండాలి" అన్నాడు. బోర్డు పై మూల పక్కపక్కన రెండు రేకులున్నాయి. ఒకటి మిడత కాలులా లేచి ఉంది. రెండోది చదునుగా అణిగిపోయింది. ఫ్రేమ్ మీద దానికి ఎదురుగా ఉండాల్సిన పసుపు చుక్క కనిపించలేదు, పాత బ్యాటరీ అడుగున వేసే జిగురు అక్కడ నల్లగా ఎండిపోయింది. అతను ట్వీజర్‌తో రేకుని వెంట్రుకవాసి పైకి లేపి, దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆ చుక్కని తుడిచాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మూత అతికించకుండా ఒట్టి స్క్రూలతోనే బిగించి నా ఫోన్ హాట్‌స్పాట్‌తో కొలిచాం. అతికించే ముందే కొలవమని మీరూ అడగండి, మళ్లీ మళ్లీ వేడి చేసి ఊడదీస్తే వెనక అద్దం పగిలే ప్రమాదం ఉంది. ఇంటికొచ్చాక హాల్లో మైనస్ 45, వంటింట్లో మైనస్ 62.

షాపులో "వైఫై రావట్లేదు" అని మాత్రం చెప్పకండి. అలా చెబితే చాలామంది సాఫ్ట్‌వేర్ కొడతామంటారు. "సిగ్నల్ వీక్‌గా ఉంది, యాంటెన్నా కాంటాక్ట్ చూడండి" అని చెప్పండి. పై బోర్డుకీ కింది బోర్డుకీ మధ్య సన్నటి తీగ ఒకటుంటుంది, అది ఎక్కువగా మొబైల్ సిగ్నల్ కోసం. రిపేరు తర్వాత వైఫైతో పాటు సిమ్ సిగ్నల్ కూడా తగ్గితే ఆ తీగ చివర్లు సరిగా కూర్చున్నాయో లేదో చూడమనండి.

అసలు వైఫై స్విచ్చే ఆన్ కాకపోతే కథ వేరు. స్విచ్ బూడిదరంగులో ఉండి, బ్లూటూత్ కూడా ఆన్ కాక, ఫోన్ వివరాల్లో వైఫై మ్యాక్ అడ్రస్ (వైఫై చిప్ గుర్తింపు సంఖ్య) 02:00:00:00:00:00 అని కనిపిస్తే చిప్‌తో ఫోన్‌కి సంబంధం తెగింది. రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి పోతాయి. ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. అది కాకపోతే ఆ వైఫై చిప్ (ఐసీ) మార్చడమో, వేడి చేసి మళ్లీ టంకం వేయడమో చేయాలి. ఆరేడేళ్ల ఫోన్‌కి ఆ ఖర్చు పెట్టడం నాకైతే ఇష్టం లేదు. ఆ వేడికి పక్కనున్న భాగాలు పోయి, పనిచేసే ఫోన్ కాస్తా చచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. చేయించాలనుకుంటే ముందు ఫొటోలన్నీ బ్యాకప్ తీసుకోండి.

పాత ఫోన్ కోసం రూటర్ సెట్టింగ్స్‌ని కాస్త దించాలి

కొత్త రూటర్లు కొత్త ఫోన్లని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. పాతదానికి అందాలంటే నాలుగైదు సెట్టింగ్స్ మార్చాలి. రూటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లండి. నెట్ కంపెనీ ఇచ్చిన బాక్స్ అయితే కొన్ని సెట్టింగ్స్ తాళం వేసి ఉంటాయి, కస్టమర్ కేర్‌కి చెప్పి మార్పించుకోవచ్చు. ఏది మార్చినా ముందు పాత సెట్టింగ్‌ని ఫొటో తీసుకోండి.

2.4కీ 5కీ వేర్వేరు పేర్లు పెట్టండి. రూటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి, ఏ ఫోన్ ఎటు వెళ్లాలో తనే చూసుకుంటానంటుంది. పాత ఫోన్ ఆ చదరంగంలో ఓడిపోతుంది. హాల్లో 5 పట్టుకుని, వంటింట్లోకి వెళ్లినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే బలం తక్కువ. పాత ఫోన్‌కి 2.4 పేరు మాత్రమే ఇవ్వండి, 5ని దాన్నుంచి "ఫర్గెట్" చేయించండి.

2.4లో చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 అంటే వేగం పెరుగుతుందని ఆశ, కానీ అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై రూటర్లుంటే అది ఇరుకు సందులో లారీ తిప్పినట్టే. చానల్ నంబర్ 1, 6, 11లలో ఏదో ఒకటి పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే మూడు అవే. ఏది ఖాళీగా ఉందో ఎనలైజర్ యాప్‌లో కనిపిస్తుంది.

ఈ చానల్ విషయంలోనే మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఒకటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు తమ పాత ఫోన్లు అమ్మానాన్నలకి తెచ్చిస్తారు. అమెరికాలో 2.4 బ్యాండ్‌లో మామూలుగా వాడేవి 1 నుంచి 11 చానళ్లే, మనకి 13 దాకా ఉన్నాయి. రూటర్ "ఆటో"లో ఉండి ఒక రాత్రి 12కో 13కో మారితే, అక్కడి నుంచి వచ్చిన కొన్ని ఫోన్లకి ఆ వైఫై పేరే కనపడదు. మిగతా అందరికీ కనపడుతుంది, మామయ్య ఫోన్‌కి మాత్రం కనపడదు. రూటర్ ఆపి వేస్తే బాగవుతుంది, నాలుగు రోజులకి మళ్లీ అదే. ఆటో తీసేసి 1, 6, 11లలో ఒకటి పెడితే ఆ దెయ్యం వదులుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లోనూ ఇలాంటిదే ఉంది, పాత ఫోన్ల కోసం 36 నుంచి 48 మధ్య చానల్ పెట్టడం క్షేమం.

సెక్యూరిటీ, అంటే వైఫైకి వేసే తాళం రకం, డబ్ల్యూపీఏ2 ఉండాలి. కొత్త రూటర్‌లో ఒట్టి డబ్ల్యూపీఏ3 పెట్టి ఉంటే పాత ఫోన్లు పాస్‌వర్డ్ సరైనదే కొట్టినా లోపలికి రాలేవు. రెండూ కలిసిన మోడ్‌తో కూడా కొన్ని తడబడతాయి. ఫోన్ కోసమని పాస్‌వర్డ్ లేకుండా వదిలేయడం, డబ్ల్యూఈపీ అనే పాత బలహీనమైన రకం పెట్టడం మాత్రం వద్దు.

రూటర్‌లో పవర్ పెంచితే సరిపోతుంది కదా అని అడుగుతారు. వైఫై అంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. రూటర్ అరిస్తే ఫోన్‌కి వినపడుతుంది, గీతలు నిండుగా వస్తాయి. కానీ ఫోన్ గొంతు చిన్నది, అది చెప్పే జవాబు రూటర్‌కి చేరాలిగా. గీతలు నిండుగా ఉన్నా వీడియో ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఇల్లు, గోడలు, బీరువా

రెండు ఫోన్లకీ ఒకేలా సిగ్నల్ పడిపోతే ఈ భాగం మీకోసం. మన ఇళ్లలో రూటర్ ఎక్కడుంటుందో దాదాపు చూడకుండానే చెప్పొచ్చు: కేబుల్ లోపలికొచ్చిన మూల, టీవీ వెనక, చెక్క అరలో, పైన దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పి. ముందు గుడ్డ తీయండి. తర్వాత దాన్ని టీవీ వెనక నుంచి తప్పించి, తల ఎత్తున గోడకి తగిలించండి. ఇంటి మధ్యకి ఎంత దగ్గరైతే అంత మంచిది.

సిగ్నల్‌కి ఇనుప బీరువా పెద్ద గోడ. ఫ్రిజ్, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు కూడా అంతే, నీళ్లు ఈ తరంగాల్ని పీల్చుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.4 దగ్గరే కాబట్టి అది తిరుగుతున్నంతసేపు వంటింట్లో వైఫై తడబడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటడం పర్వాలేదు, అదే గోడని ఏటవాలుగా దాటాలంటే మందం రెట్టింపైనట్టు. రూటర్‌ని రెండడుగులు పక్కకి జరిపితే ఆ ఏటవాలు పోయి తలుపు సందులోంచి దారి దొరకొచ్చు. జరుపుతూ అంకె చూడండి.

మేడ మీదకి స్లాబు దాటి వెళ్లడం కష్టం. అక్కడికి చాలామంది ఎక్స్‌టెండర్ (వైఫైని అందుకుని ముందుకు పంచే పెట్టె) కొంటారు, కొని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. దానికే అందని సిగ్నల్‌ని అది ఎవరికి పంచుతుంది? సిగ్నల్ మైనస్ 65 కంటే మెరుగ్గా ఉన్న చోట, సగం దూరంలో పెట్టాలి. అలా పెట్టినా మామూలు ఎక్స్‌టెండర్లలో వేగం సగమవుతుంది.

అంతకన్నా నేను చెప్పేది, ఇంట్లో మూలపడ్డ పాత రూటర్‌ని తీయండి. దాన్ని కంప్యూటర్‌కో ఫోన్‌కో కలిపి, దాని అడ్రస్ 192.168.1.2 అని మార్చండి (మెయిన్ రూటర్ 192.168.1.1 అయితే). డీహెచ్‌సీపీ ఆపేయండి, ఇది మరిస్తే ఇల్లంతా నెట్ గందరగోళమవుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి, మెయిన్ దానికి భిన్నమైన చానల్ ఇవ్వండి. ఇక మెయిన్ రూటర్ లాన్ పోర్టు నుంచి క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు లాగి పాతదాని లాన్ పోర్టులోనే గుచ్చండి. వాన్ (బయటి నెట్ వచ్చే పోర్టు) అని రాసి ఉన్న దాంట్లో కాదు. వంద మీటర్ల దాకా వైరు లాగినా ఇబ్బంది లేదు. మా మేడ మీద గది ఇలాగే నడుస్తోంది, కిటికీ సందులోంచి ఒక్క వైరు.

ఫోన్ వెనక అతికించే "సిగ్నల్ బూస్టర్" స్టిక్కర్లు, ఒక్క నొక్కుతో వైఫై పెంచే యాప్‌లు కొనకండి, వేసుకోకండి. స్టిక్కర్ ఒట్టి రేకు. యాప్ చూపించేది ప్రకటనలు.

ఇక కుదరదనుకున్నప్పుడు

రేకు బాగుచేసినా, రూటర్ సెట్టింగ్స్ మార్చినా రూటర్ పక్కనే మైనస్ 60 కంటే మెరుగవని ఫోన్‌ని చేతిలో పట్టుకు తిరిగే పనికి వాడలేం. ఒకచోట ఉండే పనులు మాత్రం చేస్తుంది. నాన్న పాత ఫోన్‌కి వైఫై చిప్ పోతే, టైప్ సీ నుంచి లాన్ వైరుకి మార్చే అడాప్టర్ పెట్టి నేరుగా రూటర్‌కి కలిపాను. వైఫై గుర్తు ఉండదు, నెట్ వస్తుంది. అన్ని ఫోన్లూ దీనికి ఒప్పుకోవు, షాపులో మీ ఫోన్‌కే పెట్టి చూసి కొనండి. చార్జింగ్ కూడా ఎక్కే పోర్టున్న అడాప్టర్ అయితే మేలు. ఇప్పుడది వీధి గేటు కెమెరా చూపించే తెరగా హాల్లో గోడకి ఉంది. ఇరవై నాలుగు గంటలూ చార్జర్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి చార్జర్‌ని టైమర్ ప్లగ్‌కి పెట్టాను, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నెలకోసారి వెనక మూత తడిమి చూస్తాను.